ఆన్‌లైన్ క్లాసుల మీద పీహెచ్‌డీ చేయొచ్చా? ముందు ఒక పెన్ను మూత సంగతి

"ముఖాముఖి క్లాసులో జరిగే సంభాషణకూ, ఆన్‌లైన్ క్లాసులో జరిగే సంభాషణకూ తేడా మీద పీహెచ్‌డీ చేద్దామనుకుంటున్నాను. కొత్తగా చెప్పడానికి ఏమైనా మిగిలిందా?" అని అడిగారు.

సరిగ్గా దీని మీదే తిరుపతిలో ఆరేళ్లు కూర్చున్నాను. పగలు డిగ్రీ కాలేజీలో పాఠాలు, మిగతా టైంలో పార్ట్‌టైమ్ స్కాలర్. మిగిలింది చాలానే ఉంది. కాకపోతే అందరూ వెతికే చోట లేదు.

అందరూ వెతికేది ప్రశ్నావళిలో. "పూర్తిగా అంగీకరిస్తాను" నుంచి "అస్సలు అంగీకరించను" దాకా ఐదు గడులు. నేనూ మొదట అదే పంచాను. చాలా ఫారాల్లో పైనుంచి కిందిదాకా ఒకే గడిలో టిక్కులు. ఒక పిల్లాడైతే తనదాంతో పాటు ముగ్గురు స్నేహితుల ఫారాలూ నింపి తెచ్చి, "మీకు శ్రమ లేకుండా చేసినా మేడమ్" అన్నాడు. ఆ ఫారాలు ఇప్పటికీ మా అటక మీద ఉన్నాయి, మా అమ్మ పండగ పండక్కీ పారేయమంటుంది.

రెండో పాపం 7, 38, 55. మాటల ద్వారా 7 శాతం, గొంతు ద్వారా 38, ముఖం ద్వారా 55 శాతం భావం చేరుతుందని ఈ అంశం మీద వచ్చే ప్రతి సెమినార్ పత్రంలోనూ ఉంటుంది. మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967 నాటి ప్రయోగాలవి. విడి విడి మాటలను రకరకాల గొంతుల్లో వినిపించి, ముఖాల ఫొటోలు చూపించి, చెప్పేవాళ్లకు ఎదుటివాళ్లంటే ఇష్టమా కాదా ఊహించమన్నారు. ఇష్టాయిష్టాలు చెప్పే సందర్భాలకు తప్ప ఆ లెక్క వర్తించదని ఆయనే చెప్పుకున్నారు. బీకాం క్లాసులో గుడ్‌విల్ (అంటే వ్యాపారానికున్న మంచిపేరు విలువ) లెక్కకూ దానికీ ఏం సంబంధం? మీ థీసిస్‌లో ఆ అంకెలు కనపడితే నేనైతే అక్కడే మూసేస్తాను.

ఇక పెన్ను మూత. 2021లో కాలేజీలు మళ్లీ తెరిచాక, అంతకుముందు జూమ్‌లో నేను గమనించిన కామర్స్ సార్‌నే, అదే బ్యాచ్‌తో, ఈసారి గదిలో గమనించే అవకాశం దొరికింది. వెనక బెంచీలో ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని కూర్చున్నాను. సార్ గుడ్‌విల్ విలువ కట్టడం చెప్పి "అర్థమైందా?" అన్నారు. "అయింది సార్" అని అందరూ ఒకే పాట. ఆయన మాత్రం కిటికీ వైపు ఒక్క చూపు చూసి, లెక్క మొదటి నుంచి మళ్లీ చెప్పారు. క్లాసు అయ్యాక నా దగ్గరికి వచ్చి, "ఆ పాప పెన్నుకు మూత పెట్టేసింది, చూసినారా మేడమ్? తలకెక్కలేదని అర్థం. ఇరవై ఏళ్లుగా చూస్తా ఉండాను. జూమ్‌లో ఈ మూతలు యాడ కనపడతాయి?" అన్నారు.

నాకు ఒళ్లు పులకరించింది. థీసిస్ మొత్తం ఒక్క వాక్యంలో దొరికేసింది కదా! ఆ రాత్రే నాలుగో అధ్యాయం మొదలుపెట్టి పదకొండు పేజీలు రాశాను.

మరుసటి రోజు, ఎందుకైనా మంచిదని, ఆ అమ్మాయిని కూడా అడిగాను.

"అయ్యో, లేదు మేడమ్. పాకాల బస్సు టైమయింది, అందుకని సర్దుకుంటా ఉండాను. లెక్క నాకు ఫస్టే వచ్చేసింది. సార్ రెండోసారి చెప్పేసరికి బస్సు పోయింది."

"మరి సార్‌కు చెప్పొచ్చు కదమ్మా?"

"అందరి ముందర ఎట్లా చెప్పేది మేడమ్? జూమ్‌లో అయితే 'అయింది సార్, నెక్స్ట్' అని చాట్‌లో పెట్టేదాన్ని."

పదకొండు పేజీలూ చించేశాను. ఎదురుగా ఉంటే పిల్లల ముఖాలు చదివేస్తామని మా ఉపాధ్యాయులందరికీ గట్టి నమ్మకం. మనం చదివేది ముఖాలు కాదు, మన ఊహలు. ఆన్‌లైన్‌లో ముఖం కనపడకపోవడం వల్ల పోయిందేమీ లేదని అనను గానీ, పోయిందనుకున్నదాంట్లో సగం ఎప్పుడూ మన చేతిలో లేదని మాత్రం బల్ల గుద్ది చెప్తాను. ఒక్క అమ్మాయిని చూసి చెప్తున్నావా అని మా గైడ్ కూడా అడిగారు. అవును, చెప్తున్నాను.

అసలు తేడా మౌనంలో ఉంది. ప్రశ్న అడిగాక టీచర్ సగటున ఒక్క సెకనే ఆగుతారని, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయని, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడతారని అమెరికాలో విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లోనే చూపించారు. మామూలు మాటల్లో ఒకరు ఆపాక మరొకరు అందుకోవడానికి పట్టేది సుమారు 200 మిల్లీసెకన్లు. పది భాషల్లో కొలిచి 2009లో ప్రచురించారు. ఇప్పుడు దీని మీద మన ఊళ్లలోని సిగ్నల్ పెట్టండి. మాట వెళ్లి రావడానికే సెకను పోతే టీచర్ ఆగే ఆ ఒక్క సెకనూ నెట్‌వర్కే మింగేస్తుంది. పైగా జూమ్ ఉచిత ఖాతా 40 నిమిషాలకు తెగిపోతుందనే టెన్షన్ ఒకటి. అదే సార్ జూమ్‌లో "అర్థమైందా?" అన్నారు, జవాబు రాలేదు, "ఏం, అందరూ నిద్రపోతా ఉండారా?" అన్నారు. అప్పుడొచ్చింది తాపీగా "అవును సార్" అని. అది మొదటి ప్రశ్నకు జవాబు. సార్ ఆ పిల్లాడితో రెండు రోజులు మాట్లాడలేదు.

పాఠం గదిలో చెప్పినా తెర మీద చెప్పినా ఆ మాధ్యమం సరుకులు మోసే లారీ లాంటిది, దానివల్ల చదువు మారదని విద్యా పరిశోధకుడు రిచర్డ్ క్లార్క్ 1983లో వాదించారు. లారీతో సంబంధం లేదనే మాట మదనపల్లె టమాటా మండీలో అనమనండి చూద్దాం.

కాబట్టి ప్రశ్నావళి వదిలేసి, కాలేజీ దగ్గరా పిల్లల దగ్గరా రాతపూర్వకంగా అనుమతి తీసుకుని క్లాసులు రికార్డు చేయండి. మౌనాలతో సహా రాసుకోండి. సంభాషణలను ఉన్నదున్నట్టు రాసుకోవడానికి గెయిల్ జెఫర్సన్ అనే పరిశోధకురాలు పెట్టిన పద్ధతిలో ప్రతి మౌనాన్నీ సెకనులో పదో వంతు దాకా కొలిచి బ్రాకెట్లో రాస్తారు. గంట క్లాసు రాయడానికి నాకు వారం పట్టేది, మెడ పట్టేసేది. అన్నట్టు, ఆ 2009 పరిశోధనలోని పది భాషల్లో తెలుగు లేదు. మీ అంశం ఇక్కడే ఉంది, తీసుకోండి.

ఇంకో తమాషా. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లోనో దూరవిద్యలోనో పీహెచ్‌డీ చేయడానికి లేదు, ఆన్‌లైన్ క్లాసుల మీద అయినా సరే. వైవా, అంటే థీసిస్ మీద మౌఖిక పరీక్ష, మాత్రం ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు. నాదీ అట్లాగే జరిగింది. వేరే రాష్ట్రం నుంచి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మొదటి ప్రశ్న అడిగారు. మౌనం మీద ఆరేళ్లు పని చేసినదాన్ని కదా, మర్యాదగా మూడు సెకన్లు ఆగాను. "హలో, మేడమ్, వినపడుతోందా?" అన్నారాయన. నేను నోరు తెరిచేలోపే "నెట్‌వర్క్ బాగా లేనట్టుంది, సరే, రెండో ప్రశ్నకు వెళ్దాం" అన్నారు. చాట్‌లో మా గైడ్ నుంచి ఒక్క మాట వచ్చింది: "మాట్లాడమ్మా!"