అటు భక్తి ఛానల్, ఇటు ఆన్‌లైన్ క్లాసు

ప్రశ్న: మా హాలు 20×14 అడుగులు. ఒక చివర అత్తగారు టీవీలో భక్తి ఛానల్ పెడతారు, రెండో చివర అబ్బాయికి ఆన్‌లైన్ క్లాసు. ఇయర్‌ఫోన్లంటే ఇద్దరికీ పడదు. స్పీకర్లతోనే ఎవరిది వాళ్లకే వినపడేలా చేయొచ్చా?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: పూర్తిగా కుదరదు. ఒకరి గోల ఇంకొకరి పనికి అడ్డురాకుండా మాత్రం చేయొచ్చు. టీవీ స్పీకర్లు ఆపేసి, అత్తగారి కుర్చీకి 2 అడుగుల లోపు చిన్న స్పీకరు పెట్టండి. అబ్బాయికీ అంతే. చెవికి దగ్గరుంటే తక్కువ వాల్యూమ్ సరిపోతుంది. ఆరుబయటైతే 2 అడుగుల దగ్గరున్న శబ్దం 12 అడుగులకు వెళ్లేసరికి 15 డెసిబెల్స్ తగ్గుతుంది. మీ హాల్లో అంత తగ్గదు. టైల్స్, బోసి గోడలు ఉన్న గదిలో రెండడుగులు దాటితే చాలు, స్పీకరు నుంచి నేరుగా వచ్చేదానికంటే గోడలకు కొట్టుకుని వచ్చేదే ఎక్కువ. కాబట్టి స్పీకర్లకంటే ముందు మందపాటి కర్టెన్లు, కింద తివాచీ కొనండి. ఎండాకాలం ఏసీ కోసం తలుపులు, కిటికీలు మూయగానే గోల పెరిగినట్టుండేదీ ఇందుకే. తెరిచిన కిటికీలోంచి పోయిన శబ్దం మళ్లీ వెనక్కి రాదు.

బేస్ (దిమ్మనే బరువైన శబ్దం) సంగతి వేరు. 100 హెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 3.4 మీటర్లు. చిన్న స్పీకర్ని ఎటు తిప్పినా అది గదంతా పాకుతుంది. సబ్‌వూఫర్ (బేస్ కోసం పెట్టే విడి స్పీకరు) తీసేయండి, ఈక్వలైజర్‌లో (బేస్, సన్నటి స్వరాలు విడివిడిగా పెంచి తగ్గించే సెట్టింగు) 200 హెర్ట్జ్ కిందది తగ్గించండి. మాట అర్థం కావడానికి దాంతో పెద్ద పనిలేదు.

ఇంకా కావాలంటే రెండంగుళాల స్పీకర్లు 8, మధ్య నుంచి మధ్యకు 6 సెంటీమీటర్ల చొప్పున వరుసగా బిగించండి. అన్నీ కలిసి శబ్దాన్ని ఎదురుగా పంపుతాయి, పక్కలకు పోయేది తగ్గుతుంది. వరుస అడ్డంగా ఉండాలి. నిలబెడితే శబ్దం పైకీ కిందికీ పోవడం తగ్గుతుంది గానీ పక్కలకు పోవడం ఆగదు. అయినా ఇది పనిచేసేది 700 హెర్ట్జ్ పైనున్న శబ్దాలకే; అంతకు కింద అర మీటరు వరుస పెద్దగా చేసేదేమీ లేదు. స్పీకర్ల మధ్య ఎడం పెంచితే సన్నటి స్వరాలు పక్కలకు చిమ్ముతాయి. ఒక స్పీకరు శబ్దాన్ని ఇంకోదానితో కొట్టేయించే డీఎస్పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్) పద్ధతీ ఉంది. ప్రతి స్పీకరుకూ విడి ఆంప్లిఫయర్ ఛానల్ కావాలి, రెండు కుర్చీల దగ్గరా మైకుతో కొలవాలి, కుర్చీ జరిగితే కథ మళ్లీ మొదటికి. ఇంట్లో దాని జోలికి పోకండి.

ప్రశ్న: అలాంటి 8 స్పీకర్ల వరుసే చేశాను. ఎదురుగా కూర్చుంటే పలచగా, పక్కకు జరిగితే గట్టిగా వినపడుతోంది. ఆంప్లిఫయర్ కాలిపోతోంది.
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: సగం స్పీకర్లకు ప్లస్సు, మైనస్సు తారుమారైనట్టుంది. వైర్లు ఊడదీసి, 1.5 వోల్టుల బ్యాటరీ ప్లస్సును ఒక్కో స్పీకరు ప్లస్సుకు, మైనస్సును మైనస్సుకు క్షణంపాటు తాకించండి. కోన్ (స్పీకరు ముందు కదిలే పొర) ముందుకు ఉబకాలి. లోపలికి లాగితే గుర్తు తప్పు, వైర్లు మార్చండి. ఇక వేడి: 8 ఓమ్స్ స్పీకర్లు ఎనిమిదీ ప్యారలల్‌లో (ప్లస్సులన్నీ ఒకచోట, మైనస్సులన్నీ ఒకచోట) కలిపితే మొత్తం నిరోధం 1 ఓమ్‌కి దిగుతుంది, ఆంప్లిఫయర్ మీద భారం పెరుగుతుంది. రెండేసి సిరీస్‌లో (ఒకదాని మైనస్సు రెండోదాని ప్లస్సుకు), ఆ నాలుగు జతలూ ప్యారలల్‌లో కలిపితే 4 ఓమ్స్. మీ ఆంప్లిఫయర్ వెనక 4 ఓమ్స్ అని రాసుంటేనే తగిలించండి.