బెంటియు వెళ్తున్న మా కోడలుపిల్లకి

కోడలుపిల్లా,

ఆకలి సాయం పనికి దక్షిణ సూడాన్ వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్లో ఒకటే ఏడుపు. నేను మాత్రం వీధంతా చెప్పుకొచ్చాను. రాత్రి నిద్ర పట్టలేదనుకో, అది వేరే సంగతి.

దోమతెర, ఎల్లో ఫీవర్ టీకా కార్డు మర్చిపోకు. వానలు మొదలైతే లారీలు దిగబడిపోతాయి, సరుకు ముందే చేర్చుకో. పసిపిల్లలు ఎంత చిక్కిపోయారో చూడ్డానికి జబ్బకి టేపు చుట్టడం, అది 11.5 సెంటీమీటర్లకి తగ్గితే వేరుశెనగ ముద్ద పొట్లాలు ఇవ్వడం నీ చదువే, నేను చెప్పేదేముంది.

జొన్నల సంగతి మాత్రం చెప్తా, విను. 2017లో అక్కడి లీర్, మాయెండిట్ జిల్లాల్లో కరువు ప్రకటించాక నేను ఓ సంస్థ గోదాము చూసేవాణ్ణి. లెక్క ప్రకారం బస్తాలన్నీ ఇంటింటికీ చేరాయి. పిల్లలు మాత్రం తేరుకోలేదు. ఏమిటా అని నిర్వాసితుల శిబిరంలో ఓ గుడిసెలోకి తొంగిచూస్తే ఒకావిడ రెండు రాళ్ళ మధ్య జొన్నలు నూరుతోంది. పిండి నిండా ఇసకే. మర పట్టిద్దామంటే అడిగినంత గింజలు మరవాడికి కొలవాలి. ఉడకేద్దామంటే కట్టెలకి శిబిరం దాటాలి. మగాళ్ళు వెళ్తే చంపేస్తారని ఆడవాళ్ళే వెళ్ళేవాళ్ళు. మర పెట్టించండయ్యా అని మా ఆఫీసులో అడిగితే, బడ్జెట్‌లో లేదన్నారు. పిండి కాని జొన్న ఏ కడుపు నింపుతుందే? టన్నుల లెక్క రాసేముందు మర ఎక్కడ, డీజిలుకి డబ్బెవరిస్తారు, పొయ్యిలోకి ఏముంది అని అడుగు.

రేషన్ ఇచ్చే చోటు ఊళ్ళకి దగ్గరగా పెట్టించు. దీనికి మాత్రం మొండిగా పోట్లాడు. 2018 నవంబరులో రేషన్ కోసం బెంటియుకి నడిచొస్తున్న ఆడవాళ్ళని దారికాచి చెరిచారు. పది రోజుల్లో 125 మందికి వైద్యం చేశామని ఎం.ఎస్.ఎఫ్. అనే అంతర్జాతీయ వైద్య సేవాసంస్థ డాక్టర్లు చెప్పారు. నువ్వు వెళ్తున్నావనగానే నాకు ముందు ఆ దారే గుర్తొచ్చింది. పంపకం మధ్యాహ్నంలోపు ముగించు, వెలుగుండగా వాళ్ళు ఇళ్ళకి చేరాలి. నువ్వూనూ. చీకటి పడ్డాక బండెక్కావని తెలిస్తే ఊరుకోను.

మీటింగుల్లో నోరు పారేసుకోకు, ఆ కోపం మా వైపు నుంచే వచ్చింది. ఆకలిగా ఉన్నవాళ్ళ మధ్య ముద్ద దిగదు, తెలుసు. అయినా తినాలే తల్లీ.

మీ అత్త కందిపొడి కొడుతోంది. చిన్న విమానం, సామాను తూచి మరీ ఎక్కిస్తారు. బరువెక్కువైతే పొడి డబ్బా తీసెయ్, గమ్ బూట్లు మాత్రం వదలకు. ఈ మాట మీ అత్త చెవిన వెయ్యకు.

మీ మామయ్య