మీసం తీసేసిన నాకు ‘సిరివెన్నెల’ ఎందుకంత దగ్గరైందంటే

కులం, డబ్బు, పెద్దల పంతాలు కాకుండా ఎప్పుడూ చూడని అడ్డంకి ఎదురయ్యే ప్రేమ సినిమా ఒకటి చెప్పమని అడిగారు. నా జవాబు ‘సిరివెన్నెల’. 1986లో వచ్చిన కె. విశ్వనాథ్ గారి సినిమా.

అందులో హరిప్రసాద్‌కు చూపు లేదు, వేణువు వాయిస్తాడు. సుభాషిణికి మాట లేదు, బొమ్మలు వేస్తుంది. ఒక్క నిమిషం ఆలోచించండి. ఆ అమ్మాయి చేతులతో చెప్పేది అతనికి కనపడదు. అతని కోసం బొమ్మ వేసినా అదీ కనపడదు. అతని పాట ఆమెకు పూర్తిగా వినిపిస్తుంది గానీ, ఆమె మనసులో మాట అతన్ని చేరాలంటే మధ్యలో ఇంకొకరు ఉండాలి. ఇంత కష్టమైన అడ్డంకికి విలన్ ఎందుకు?

నాకు ఈ సినిమా అర్థమైంది మాత్రం పెళ్లయ్యాకే. 2009లో అక్క శుభలేఖల ప్రూఫ్ చూడడానికి కాకినాడలో ఒక ప్రెస్‌కి వెళ్లాను. డీటీపీ చేస్తున్న అమ్మాయిని వెనక నుంచి రెండుసార్లు పిలిచినా తిరగలేదు. పొగరనుకున్నాను. చిన్నప్పుడు జ్వరం వచ్చి వినికిడి పోయిందని తర్వాత తెలిసింది. పెదాల కదలిక చూసి మాట పట్టుకుంటుంది. నా మాట మాత్రం పట్టుకోలేకపోయింది. చివరికి ఒక చీటీ రాసి ఇచ్చింది: ‘మీ మీసం వల్ల తెలియడం లేదు. రాసి ఇవ్వండి.’

ఆర్నెల్లు చీటీలు, ఎస్సెమ్మెస్‌లు నడిచాయి. ఆ తర్వాత ఒకరోజు మీసం తీసేసి ఆమె ముందు నిలబడ్డాను. ఇంట్లో అమ్మ ఏడ్చింది. నాన్న బతికుండగా కొడుకు మీసం తీయకూడదని మా వైపు గట్టి పట్టింపు. పెళ్లి మాట ఎత్తితే అమ్మమ్మ అడిగిన ప్రశ్న ఒక్కటే: ‘రాత్రి పిల్ల ఏడిస్తే దానికెలా తెలుస్తుందిరా?’ నా దగ్గర జవాబు లేదు. పాప పుట్టాక ఆ జవాబు మా ఆవిడే చూపించింది. పాప పొట్ట మీద చెయ్యి వేసుకుని పడుకునేది. ఏడుపు గొంతు దాటకముందే లేచి కూర్చునేది. అప్పటికి అమ్మమ్మ లేదు. ఉండి చూసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

పెళ్లయిన కొత్తలో కరెంటు పోయిందంటే మా మాటలు ఆగిపోయేవి. చీకట్లో నా పెదాలు ఆమెకు కనపడవు. అప్పుడు ఆమె అరచేతిలో వేలితో అక్షరాలు రాయడం మొదలుపెట్టాను. తెలుగు ఒత్తులు వేలితో రాస్తే అరచేతికి అందడం కష్టం, అందుకే చిన్న చిన్న మాటలే ఏరుకునేవాణ్ణి. ‘నీళ్లు కావాలా’ అని చెప్పడానికి అరనిమిషం పట్టేది.

‘సిరివెన్నెల’ ఇద్దరం కలిసి చూసింది ఆ రోజుల్లోనే. పాటలే ప్రాణమైన సినిమాను వినపడని మనిషికి చూపించడం తప్పేమోనని టెన్షన్ పడ్డాను. ‘విధాత తలపున’ పాట మొత్తం ముందే కాగితం మీద రాసి ఇచ్చాను. సీతారామశాస్త్రి గారికి సినిమా పేరే ఇంటిపేరైపోయింది ఈ పాటలతోనే. ఆమె ఒక చెయ్యి స్పీకర్ మీద పెట్టి, రెండో చేత్తో కాగితం పట్టుకుని చదివింది. కె.వి. మహదేవన్ గారి సంగీతంలో ఆ వేణువు వాయించింది హరిప్రసాద్ చౌరాసియా గారు. తబలా దెబ్బలు చేతికి అందాయట, వేణువు అందలేదట. ‘ఎలా ఉంటుంది?’ అని అడిగింది. చూపు లేని హరికి ప్రకృతి ఎలా ఉంటుందో చెప్పే జ్యోతిర్మయి అదే సినిమాలో ఉంది. నాకు అంత తెలివి లేదు. ఆమె మణికట్టు మీద నెమ్మదిగా ఊదాను, ఒకసారి పొడవుగా, ఒకసారి తెంపి తెంపి. కళ్లు మూసుకుంది. పాట అయ్యేదాకా ఊదించుకుంది.

ఇంకో సినిమా కావాలంటే ‘మరోచరిత్ర’ చూడండి, 1978, బాలచందర్ గారిది. విశాఖలో పక్కపక్క ఇళ్లు, తమిళ అబ్బాయి, తెలుగు అమ్మాయి. ఏడాది పాటు కలవకుండా, మాట్లాడుకోకుండా ఉంటే పెళ్లి చేస్తామని పెద్దల షరతు. భాషే అడ్డంకి అయిన ఆ సినిమా మద్రాసులో డబ్బింగ్ లేకుండా తెలుగులోనే ఏడాదికి పైగా ఆడింది. అక్కడి జనం మాటలు పూర్తిగా అర్థం కాకుండానే సరితను, కమల్ హాసన్‌ను చూసి ఏడ్చారంటే నాకు ఆశ్చర్యం లేదు. మా ఇంట్లో రోజూ సౌండు లేకుండా సినిమా చూసే మనిషి ఉంది. ముగింపు మాత్రం తట్టుకోవడం కష్టం. మా ఆవిడ రెండోసారి చూడనంది.

మణిరత్నం ‘గీతాంజలి’ (1989) అందరూ చెప్పేదే. చావు దగ్గరపడిన ఇద్దరి ప్రేమ. చాలా అందమైన సినిమా. కానీ రోజూ ఒక్కో మాట కోసం చేసే ప్రయత్నం నాకు ‘సిరివెన్నెల’లోనే దొరికింది, అందుకే మొదటి ఓటు దానికి.

ఒక మాట చెప్పడం మరిచాను. పెళ్లయిన మూడో నెలలో నాన్న మంగలి షాపు నుంచి వచ్చారు. నలభై ఏళ్లుగా పెంచుకున్న మీసం పై పెదవి బాగా కనపడేలా కత్తిరించి ఉంది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. కోడలి ఎదురుగా కుర్చీ జరుపుకుని కూర్చుని, ‘అమ్మా, కాఫీ ఇస్తావా?’ అని అడిగారు. మా ఆవిడ చీటీ అడగలేదు.