రోజులు కాదు బిడ్డా, రాత్రులు లెక్కపెట్టు

బిడ్డా,

నువ్వు పంపిన వియత్నాం, కంబోడియా టూరు ప్లాన్ చూశాను. మీ పెద్దబాపుకు కూడా చూపించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివి ఒకటే మాట అన్నారు, "ఇది టూరా, ఆర్టీసీ డ్యూటీ చార్టా?" అని. హనోయ్, సాపా, హాలాంగ్ బే, డానాంగ్, హోయి ఆన్, సైగాన్, నోమ్‌పెన్, సియెమ్ రీప్. తొమ్మిది రోజుల్లో ఎనిమిది ఊళ్లు, పక్కన ఏడేళ్ల పిల్ల. నీకు కోపం వచ్చినా సరే, ఇందులో సగం కొట్టెయ్యి.

మేము 2024 జనవరిలో పోయివచ్చినప్పుడు చేసిన తప్పే నువ్వూ చేస్తున్నావు కాబట్టి చెప్తున్నా. మ్యాపులో వియత్నాం సన్నగా కనిపిస్తుంది గానీ పొడవు చూశావా? హనోయ్ నుంచి సైగాన్‌కు రైలు దారిలో 1,726 కిలోమీటర్లు. కాజీపేటలో ఎక్కి ఢిల్లీలో దిగినా అంత దూరం కాదు. రైలు ముప్పై గంటలు దాటుతుంది. విమానంలో రెండు గంటలే కదా అంటావు, కానీ ఆ రెండు గంటల కోసం హోటల్ ఖాళీ చెయ్యాలి, ఎయిర్‌పోర్టుకు పోవాలి, లైన్లలో నిలబడాలి, దిగినచోట మళ్లీ రూము వెతుక్కోవాలి, ఇట్లా ఊరు మారిన ప్రతిసారీ సగం రోజు పోతుంది. అందుకే రోజులు లెక్కపెట్టకు, ఎక్కడ ఎన్ని రాత్రులు పడుకుంటావో అది లెక్కపెట్టు. నీ తొమ్మిది రోజుల్లో ఒక రాత్రి విమానంలోనే పోయింది. మిగిలింది ఏడు.

నేనైతే ఆ ఏడూ ఇట్లా పంచుతాను. హనోయ్‌లో రెండు, హాలాంగ్ బేలో పడవ మీద ఒకటి, మళ్లీ హనోయ్ వచ్చి అక్కడి నుంచి కంబోడియాలోని సియెమ్ రీప్‌కు నేరుగా విమానం, సియెమ్ రీప్‌లో మూడు, తిరుగు ప్రయాణం కోసం సైగాన్‌లో ఒకటి. సాపా మాట మర్చిపో. డానాంగ్, హోయి ఆన్ ఇంకోసారి, అవి ఎక్కడికీ పోవు. హోయి ఆన్ పక్కన మీ సన్ అని, ఒకప్పుడు ఆ ప్రాంతాన్ని ఏలిన చామ్ రాజుల శివాలయాలున్నాయి, ఎర్రటి ఇటుక గుళ్లు, మన పురావస్తు శాఖవాళ్లు పోయి బాగుచేసినవి. వాటిని వదలమని చెప్పడానికి నాకే మనసు రావడం లేదు. అయినా వదులు.

ఇక వీసా. ఇది జాగ్రత్తగా చదువు, అల్లుడికి కూడా చదివి వినిపించు. వియత్నాం ఈ-వీసాలో రెండు రకాలున్నాయి, ఒక్కసారి లోపలికి పోయేది 25 డాలర్లు, ఎన్నిసార్లైనా పోయివచ్చేది 50 డాలర్లు. మా టికెట్లు, వీసాలు చూసిన ఏజెంటు మాకు ఒక్కసారిదే తీశాడు. మేము హనోయ్‌లో దిగాం, కంబోడియా పోయాం, సైగాన్ మీదుగా ఇంటికి రావాలి. సియెమ్ రీప్ ఎయిర్‌పోర్టులో కౌంటర్ దగ్గర ఉన్న అమ్మాయి పాస్‌పోర్టు అటు తిప్పి ఇటు తిప్పి, మీ వీసా అయిపోయింది, విమానం ఎక్కనివ్వం అంది. చూడు, గడువు ఇంకా ఉంది గానీ, ఒకసారి బయటికి వచ్చేశాం కాబట్టి అది చెల్లదు. మీ పెద్దబాపు ఆమెతో తెలుగులో కొట్లాడారు. చివరికి బ్యాంకాక్ మీదుగా కొత్త టికెట్లు కొనుక్కుని వచ్చాం, అప్పటికి థాయిలాండ్ మనవాళ్లకు వీసా అక్కర్లేదనడం మా అదృష్టం. ఆ పైసలతో ఇంకో టూరు అయ్యేది. ఏజెంటును అడిగితే, మీరు చెప్పలేదు కదా మేడమ్ అన్నాడు. అందుకే ఎవరితో చేయించుకున్నా వీసా కాగితం చేతికి రాగానే ఎన్నిసార్లు అన్న గడి, తేదీలు, పేరు నువ్వే చూసుకో.

పేరంటే గుర్తొచ్చింది. మన తెలుగువాళ్ల ఇంటిపేర్ల గోల వాళ్లకు అర్థం కాదు. నీ పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, అల్లుడి దాంట్లో ఆ గడి ఖాళీగా ఉందని పెళ్లప్పుడే అనుకున్నాం గుర్తుందా? పాస్‌పోర్టులో ఎట్లా ఉంటే వీసాలో, టికెట్లో అక్షరం పొల్లుపోకుండా అట్లాగే ఉండాలి. ఖాళీ ఉందని ఆధార్ చూసి నింపొద్దు. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు ఉండాలి, పిల్లది ఐదేళ్లకే అయిపోతుంది, ముందు అది చూడు. రెండు దేశాల వీసాలూ ప్రభుత్వ సైట్లోనే తియ్యండి, అచ్చం అట్లాంటి పేర్లతోనే ఉండే ప్రైవేటు సైట్లు ఎక్కువ గుంజుతాయి. కంబోడియాకు వీసా కాక, విమానం దిగే ముందు వారం రోజుల్లోపు ఆన్‌లైన్‌లో ఈ-అరైవల్ అని ఒక ఫారం కూడా నింపాలి.

దసరా సెలవుల్లో పోదామంటున్నావు. బతుకమ్మ విడిచిపెట్టి పోతావా అని నేను అడగను, మీ అమ్మ అడుగుతుంది. నా అభ్యంతరం వానలు. సెప్టెంబరు, అక్టోబరుల్లో కంబోడియాలో బాగా పడతాయి, వియత్నాం నడిమి భాగంలో ఇంకా ఘోరం, 2025 అక్టోబరు చివర్లో హోయి ఆన్ వీధుల్లో పడవలు నడిచాయి. సంక్రాంతి సెలవులకు అటో ఇటో నాలుగు రోజులు కలుపుకో, బడివాళ్లు ఏమీ అనరు, ముప్పై ఏళ్లు పాఠం చెప్పినదాన్ని, నాకు తెలుసు. కాకపోతే టెట్ పండగ ఎప్పుడో చూసుకో, అది వాళ్ల కొత్త సంవత్సరం, జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వస్తుంది, అప్పుడు దుకాణాలు మూసేసి అందరూ సొంతూళ్లకు పోతారు. హనోయ్‌కి స్వెటర్లు పెట్టుకోండి. వేడి దేశమనుకుని నేను కాటన్ చీరలతో పోయి ఆ తడి చలికి వణికాను. అదే వారంలో సియెమ్ రీప్‌లో చెమటలు కారాయి.

పైసల సంగతి. వియత్నాం డాంగుల్లో లక్ష అంటే మన మూడు వందల చిల్లర రూపాయలు, కాబట్టి లక్షలు ఖర్చవుతున్నాయని టెన్షన్ పడకు. కానీ ఇరవై వేల నోటు, ఐదు లక్షల నోటు రెండూ నీలంగానే ఉంటాయి. పెద్దబాపు ఒక కొబ్బరిబోండానికి ఐదు లక్షల నోటు ఇచ్చి నడుస్తుంటే ఆ ముసలామె వెనకాలే ఉరికి వచ్చి తిరిగి ఇచ్చింది. అందరూ అట్లా ఉంటారని అనుకోకు, ఆ రెండు నోట్లు వేరువేరు జేబుల్లో పెట్టు. కంబోడియాలో డాలర్లే నడుస్తాయి, చిల్లర మాత్రం రియెళ్లలో ఇస్తారు, నాలుగు వేలకు ఒక డాలరు. డాలరు నోటు కొంచెం చినిగినా, మరక ఉన్నా తీసుకోరు.

తిండికి భయపడ్డావు. "చాయ్" అని బోర్డు కనిపిస్తే లోపలికి పో. మనకు చాయ్ అంటే టీ, వాళ్లకు శాకాహారం. మిగతాచోట్ల కూరగాయల మీద కూడా చేపల పులుసులాంటి సాస్ పోస్తారు, అడిగితే చేప కాదు సాసే కదా అంటారు. సకినాలు ఒక డబ్బా పట్టుకుపోండి, నేను చేసి పంపిస్తా.

ఇప్పుడు సియెమ్ రీప్ పక్కనే ఉన్న అంగ్కోర్. మూడు రాత్రులు అక్కడే ఎందుకు పెట్టమన్నానంటే, అది ఒక్క గుడి కాదు, నాలుగు వందల చదరపు కిలోమీటర్ల అడవిలో గుళ్ల ఊరు. టికెట్ ఒక రోజుకు 37 డాలర్లు, మూడు రోజులకు 62. మూడు రోజులదే కొను, పది రోజుల్లో ఏ మూడు రోజులైనా వాడుకోవచ్చు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు, పాస్‌పోర్టు చూపిస్తే చాలు. ఎయిర్‌పోర్టు ఇప్పుడు ఊరికి దూరం, 2023లో కొత్తది తెరిచారు, కారుకు గంట పట్టొచ్చు, హోటల్‌వాళ్లతో ముందే మాట్లాడుకో. ఊళ్లో తిరగడానికి ఒక టుక్‌టుక్ రోజంతా మాట్లాడుకుంటే మోకాళ్లకు హాయి.

తెల్లవారుజామున అక్కడి పెద్ద గుడి అంగ్కోర్ వాట్ దగ్గర సూర్యోదయం చూడాలని అందరూ చెప్తారు. మేమూ నాలుగింటికి లేచి పోయాం. కొలను గట్టు మీద జనం, మేడారంలో గద్దెల దగ్గర ఉన్నట్టే, చేతులు పైకెత్తి పట్టుకున్న ఫోన్లు తప్ప ఏమీ కనిపించలేదు. ఒక్కసారి చూడు గానీ, జనమంతా నాస్తాకు పోయినప్పుడు నువ్వు తూర్పు వసారాకు పో. అక్కడ గోడ మీద క్షీరసాగర మథనం చెక్కారు, దాదాపు యాభై మీటర్ల పొడవున, ఒకవైపు అసురులు, ఒకవైపు దేవతలు, నడుమ విష్ణుమూర్తి, వాసుకిని పట్టుకుని గుంజుతున్నారు. ఆ కథ పిల్లకు ఇక్కడే చెప్పి తీసుకుపో, గోడ దగ్గర తనే నీకు చెప్తుంది. పై అంతస్తు మెట్లు నిటారుగా ఉంటాయి, భుజాలు, మోకాళ్లు కప్పుకోకుంటే పైకి పోనివ్వరు.

అక్కడే ఉన్న బయాన్, తా ప్రోమ్ గుళ్లు కట్టించిన ఖ్మేర్ రాజు ఏడవ జయవర్మన్, మన గణపతిదేవుడు ఒకే కాలంవాళ్లు. రామప్ప శాసనం 1213 నాటిది, అప్పటికి జయవర్మన్ అక్కడ ఇంకా రాజ్యమేలుతున్నాడు. తా ప్రోమ్ తన తల్లి పేరిట కట్టించాడు, ఇప్పుడు గోడల మీద చెట్ల వేళ్లు కొండచిలువల్లా పాకి ఉంటాయి. పిల్లకు అన్నిటికంటే అదే నచ్చుతుంది. పోయే ముందు ఒక ఆదివారం రామప్పకు రండి, ఇది చూసి పోతే అక్కడి చెక్కడం వేరేగా కనిపిస్తుంది.

నోమ్‌పెన్ తీసెయ్యమన్నది దూరమని మాత్రమే కాదు. అక్కడ తూల్ స్లెంగ్ అని ఉంది, ఒకప్పుడు అది బడి, 1975 నుంచి 1979 దాకా ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టుల పాలనలో దాన్ని జైలు చేసి మనుషుల్ని చిత్రహింసలు పెట్టారు. తరగతి గదుల్లో చనిపోయినవాళ్ల ఫొటోలు వరసగా ఉంటాయి. నేను రెండు గదులు చూసి బయట చెట్టు కింద కూర్చున్నాను. పెద్దవాళ్లు చూడాల్సిందే, ఏడేళ్ల పిల్లతో వద్దు.

టికెట్లు విడివిడిగా బుక్ చెయ్యకు, అన్నీ ఒకే బుకింగ్‌లో ఉంటే మొదటి విమానం ఆలస్యమైనా రెండోదాని బాధ్యత వాళ్లదే. బ్యాంకాక్ నుంచి రోడ్డు మీద సియెమ్ రీప్ పోవచ్చని అల్లుడు అన్నాడట, 2025లో ఆ సరిహద్దులో కాల్పులు జరిగాయి, ఆ ఆలోచన మానుకోమను.

కొత్త ప్లాన్ రాసి పంపు. వీసా ఫారం నింపాక పైసలు కట్టకముందే స్క్రీన్‌షాట్ తీసి నాకు పెట్టు, పేర్లు, తేదీలు నేనూ పెద్దబాపూ ఒకసారి చూస్తాం. సకినాలు ఎన్ని చెయ్యమంటావో కూడా చెప్పు, నువ్వులు తెప్పించాలి.

మీ పెద్దమ్మ,
హనుమకొండ