బ్యాండ్ డబ్బంతా మీ పాన్ మీదే వస్తోందా?

ప్రశ్న: నా వయసు 28. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఏడాదికి 12 లక్షల జీతం. నెలకు ఖర్చులు 50 వేలు పోను 35 వేలు మిగులుతోంది. మేం నలుగురం ఐదేళ్లుగా రాక్ బ్యాండ్ నడుపుతున్నాం. సొంత తెలుగు పాటలే వాయిస్తాం. ఈ డిసెంబరులో 16 రోజుల టూర్ ఉంది: విశాఖ, చెన్నై, బెంగళూరు, గోవా, పుణె, ముంబై. షోకు 40 వేల చొప్పున ఆరు షోలూ ఒకే బుకింగ్ సంస్థ ఇప్పించింది. ఖర్చులు లక్షా 70 వేలు అవుతాయనుకుంటున్నాం. ఆ తర్వాత బెంగళూరులోని ఒక బ్యాండ్‌తో కలిసి 8 పాటల ఆల్బమ్ రికార్డు చేస్తాం. రెండు పాటల్లో వరంగల్ వైపు ఒగ్గు కథ కళాకారుడు ఒకాయన పాడతారు. మా బ్యాండ్ వాటా 4 లక్షలు. నా దగ్గర 6 లక్షల ఎఫ్‌డీ ఉంది. అది తీయాలా, 3 లక్షల పర్సనల్ లోన్ తీసుకోవాలా? వచ్చే ఏడాది ఉద్యోగం మానేసి పూర్తిగా సంగీతంలోకి రావాలని ఉంది. బ్యాండ్ డబ్బు ఇప్పటిదాకా నా ఖాతాలోకే వస్తోంది.

జవాబు: మీరు చివర్లో ఒక్క మాటలో చెప్పి వదిలేసిన సంగతితోనే మొదలుపెడతాను. లోన్ కంటే ముందు తేలాల్సింది అదే.

బుకింగ్ సంస్థ మీకు 2 లక్షల 40 వేలు చెల్లిస్తుంది. ఒకే సంస్థ ఏడాదిలో ఇచ్చే ఫీజు 50 వేలు దాటితే 10 శాతం టీడీఎస్ కోస్తుంది కాబట్టి 24 వేలు ముందే పోతాయి. ఆ టీడీఎస్‌తో పాటు మొత్తం రాబడి కూడా మీ పాన్ మీద నమోదవుతుంది. డబ్బు నలుగురూ పంచుకున్నా ఆదాయపు పన్ను శాఖకు కనిపించేది మీరొక్కరే.

2025-26 కొత్త విధానం శ్లాబులతో లెక్క వేసి చూశాను. మీ జీతంలో 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోతే 11 లక్షల 25 వేలు. 12 లక్షల లోపే కాబట్టి రిబేటుతో పన్ను సున్నా. దాని మీద బ్యాండ్ రాబడి 2 లక్షల 40 వేలు యథాతథంగా వచ్చి పడితే 13 లక్షల 65 వేలు అవుతుంది. అప్పుడు సెస్సుతో కలిపి పన్ను 88,140 రూపాయలు. అదే ఖర్చుల బిల్లులు, మిగతా ముగ్గురికి పంపిన వాటాల వివరం చేతిలో ఉంటే మీకు నిజంగా మిగిలిన 17,500 మాత్రమే కలుస్తుంది. మొత్తం 11,42,500. పన్ను మళ్లీ సున్నా, ఆ 24 వేలు కూడా రిఫండ్‌గా వస్తాయి. ఇంత తేడా కొన్ని కాగితాల దగ్గరే ఉంది.

కాబట్టి బ్యాండ్ లావాదేవీలకే విడిగా ఒక ఖాతా తెరవండి. వ్యాన్, లాడ్జి, సౌండ్ ఇంజనీరు, అందరికీ బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో ఇవ్వండి. ఒకరికి ఒకే రోజు 10 వేలకు మించి నగదు ఇస్తే ఆ ఖర్చును పన్ను లెక్కలో ఒప్పుకోరు. ముగ్గురికీ వాటా పంపేటప్పుడు ఏ టూర్‌ది, ఎంత అని రాసి పంపండి. రిటర్న్ ఈసారి జీతగాళ్లు వేసే ఐటీఆర్-1 ఫారంలో కుదరదు, వృత్తి, వ్యాపార ఆదాయం చూపే ఐటీఆర్-3 వేయాలి. ఒక గంట ఆడిటర్ దగ్గర కూర్చోండి. నలుగురి పేరా భాగస్వామ్య సంస్థ (ఫర్మ్) పెట్టాలా అనేది కూడా అక్కడే తేల్చుకోండి. ఫర్మ్‌కు లాభం మీద మొదటి రూపాయి నుంచే 30 శాతం పన్ను. అయితే పనిచేసే భాగస్వాముల జీతాలను ఒక పరిమితి మేరకు ఖర్చుగా చూపించుకోవచ్చు.

జీఎస్టీకి ఇప్పుడే కంగారు అక్కర్లేదు, ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ ఉండదు. జానపద, శాస్త్రీయ కళాకారుల ప్రదర్శనకు లక్షన్నర వరకు జీఎస్టీ మినహాయింపు ఉంది. ఒగ్గు కథ చెప్పే ఆయనకు అది వర్తిస్తుంది, మీ రాక్ షోకు వర్తించదు. ఈ తేడా నాకు న్యాయంగా అనిపించదు గానీ చట్టం అలాగే ఉంది.

ఇక టూర్. 2 లక్షల 40 వేలలో ఖర్చులు పోగా మిగిలేది 70 వేలు. మనిషికి 17,500. రోజుకు 1,100 కూడా కాదు. దీన్ని చిన్నచూపు చూడను. ఖర్చులు పోను ఎంతో కొంత మిగిలించే టూర్ సొంత పాటలు వాయించే బ్యాండ్‌కు మంచి టూరే. కానీ ఒక్క షో రద్దయితే, ఖర్చు దాదాపు అంతే ఉంటుంది కాబట్టి, 70 వేలు 30 వేలకు పడిపోతుంది. రెండు రద్దయితే చేతి నుంచి 10 వేలు పెట్టుకోవాలి. అందుకే సగం ఫీజు అడ్వాన్సుగా తీసుకోండి. షోకు వారం లోపు రద్దు చేస్తే అది తిరిగి ఇవ్వబోమని రాయించుకోండి. డ్రమ్స్, ఆంప్లిఫయర్లు వేదిక దగ్గరే ఇస్తారా, మీరు మోసుకెళ్లాలా అన్నది కూడా అందులోనే ఉండాలి. స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో మనిషికి 40 కిలోల సామానే ఉచితం. డ్రమ్ కిట్ మోస్తే మీ ప్రయాణ ఖర్చు అంచనా తప్పుతుంది.

లోన్ వద్దు. 14 శాతం వడ్డీకి మూడేళ్లకు 3 లక్షలు తీసుకుంటే నెలకు దాదాపు 10,250 కిస్తీ. ఈ టూర్‌లో మీకు వచ్చే వాటా రెండు కిస్తీలకు కూడా చాలదు. ఆల్బమ్ నుంచి వచ్చే స్ట్రీమింగ్ డబ్బును లెక్కలో సున్నాగా రాసుకోండి. వస్తే సంతోషం.

ఎఫ్‌డీ కూడా ముట్టుకోవద్దు. మీ నెల ఖర్చు 50 వేలు, ఉద్యోగం మానేస్తే ఆ 6 లక్షలు సరిగ్గా ఏడాది తిండి. ఆల్బమ్‌కూ అదే, ఉద్యోగం మానడానికీ అదే అంటే ఒకే డబ్బును రెండుసార్లు ఖర్చు పెట్టాలని చూస్తున్నట్టు. మీ వాటా 4 లక్షలు కాదు, అందులో నాలుగో వంతు, లక్ష. మూడు నెలల మిగులుతో అది సమకూరుతుంది. మిగతా ముగ్గురూ తమ లక్ష తాము తెచ్చుకోవాలి. ఒకరికి కుదరకపోతే మీరు 50 వేల వరకు బ్యాండ్‌కు అప్పుగా ఇవ్వొచ్చు. ముందు వచ్చే రాబడిలో ఆ అప్పే తీరాలని రాసుకోండి. అప్పటికీ చాలకపోతే ముందు నాలుగు పాటలే చేయండి. డ్రమ్స్, గాత్రం స్టూడియోలో, గిటార్లు ఇంట్లో. స్టూడియోకు వెళ్లేలోపు పాట రూపం, వేగం ఖాయం చేసుకుంటే షిఫ్టులు చాలా ఆదా అవుతాయి. స్టూడియో గడియారం తిరుగుతుండగా ఇంకో పల్లవి ప్రయత్నిద్దామా అన్న చర్చే అన్నిటికంటే ఖరీదైనది.

ఉద్యోగం సంగతి టూర్, ఆల్బమ్ రెండూ అయ్యాక చూద్దాం. రాజీనామాకు ముందు సొంత ఆరోగ్య బీమా తీసుకోండి, కంపెనీ పాలసీ మీతో పాటు రాదు. ఈలోపు మీ నియామక పత్రంలో బయటి ఆదాయం గురించి ఏం రాసి ఉందో ఒకసారి చదవండి.

నాకు అసలు టెన్షన్‌గా ఉన్నది ఆల్బమ్ ఎవరిది అన్న ప్రశ్న. మీ ఉత్తరంలో ఆ మాటే లేదు.

మాంచెస్టర్‌లో 1982లో మొదలైన ది స్మిత్స్ బ్యాండ్ కథ చెప్తాను. పాటలు రాసే మొరిస్సీ, జానీ మార్ రికార్డింగ్, ప్రదర్శనల ఆదాయంలో చెరో 40 శాతం తీసుకున్నారు. బాస్ వాయించే ఆండీ రూర్క్, డ్రమ్మర్ మైక్ జాయిస్‌లకు చెరో 10 శాతం దక్కింది. 1987లో బ్యాండ్ విడిపోయింది. రూర్క్ 83 వేల పౌండ్లకు రాజీ పడ్డాడు. జాయిస్ కోర్టుకు వెళ్లాడు. వాటాలు వేరుగా ఉంటాయన్న ఒప్పందం రుజువు కాలేదు. అది లేనప్పుడు భాగస్వాములంతా సమానమేనని 1890 నాటి బ్రిటిష్ చట్టం చెప్తుంది. 1996లో లండన్ హైకోర్టు జాయిస్‌కు నాలుగో వంతు ఇవ్వాలంది. పాత బకాయిలే సుమారు 10 లక్షల పౌండ్లు. 1998లో అప్పీలు కోర్టు కూడా అదే మాట చెప్పింది.

మన 1932 భాగస్వామ్య చట్టంలోనూ అదే సూత్రం ఉంది. ఒప్పందం లేకపోతే లాభనష్టాలు సమానం. సంస్థ అప్పుకు ప్రతి భాగస్వామీ పూర్తిగా బాధ్యుడు. నోటి మాటతో నడిచే బ్యాండ్‌ను కూడా కోర్టు భాగస్వామ్యంగా చూడొచ్చు.

ఆల్బమ్‌లో రెండు వేర్వేరు హక్కులు ఉంటాయి. పాట, బాణీ రాసినవారివి. రికార్డింగ్ మాత్రం దాన్ని చేయించే బాధ్యత తీసుకున్న నిర్మాతది. మీరొక్కరే 4 లక్షలు పెట్టి అన్నీ దగ్గరుండి చూసుకుంటే రేపు చట్టం దృష్టిలో నిర్మాత మీరే కావచ్చు. మీ స్నేహితులకు ఆ ఊహ కూడా ఉండి ఉండదు. రెండు బ్యాండ్లూ కూర్చుని ఒక్కో పాటకు సాహిత్యం ఎవరిది, బాణీ ఎవరిది, రికార్డింగ్‌లో ఎవరికెంత శాతం అని ఒక పేజీలో రాసి, స్టూడియోలో అడుగు పెట్టే ముందే సంతకాలు చేయండి. ఏదైనా కంపెనీకి హక్కులు రాసిస్తే గడువు వేయించండి. గడువు రాయకపోతే 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకుగా చట్టం చూస్తుంది. పాటలు రాసేవాళ్లు, రచయితలకూ స్వరకర్తలకూ రాయల్టీ వసూలు చేసిపెట్టే సంఘం ఐపీఆర్‌ఎస్‌లో సభ్యులుగా చేరండి.

ఒగ్గు కథ చెప్పే ఆయన విషయం దయచేసి మర్చిపోకండి. ఇలాంటి చోట్ల జానపద కళాకారుడి చేతిలో ఐదువేలు పెట్టి, పేరు వేయకుండా పంపేయడం మనకు అలవాటైపోయింది. ఆ పాటలో ఉన్న గొంతు ఆయనది కాబట్టి ప్రదర్శకుడిగా ఆయనకు హక్కు ఉంది. 2012 సవరణ తర్వాత వాణిజ్యంగా వాడితే రాయల్టీ అడిగే హక్కు కూడా ఉంది. మల్లన్న కథలోని సంప్రదాయ బాణీ వాడుకుంటుంటే దాన్ని మీ స్వరకల్పనగా నమోదు చేయకండి, మీరు కూర్చిన వాద్య భాగం మాత్రమే మీది. రానుపోను ఖర్చులు, రోజు ఫీజు, రాయల్టీలో శాతం, ఆల్బమ్ మీద పేరు, ఈ నాలుగూ ఆయనకు తెలుగులో చదివి వినిపించి, ఆయన సంతకం తీసుకున్నాకే మైకు ముందు నిలబెట్టండి.