స్కానింగ్ బాగుంది, పరిగెత్తితే గుండె దడ: సెలెక్షన్స్‌కు పంపాలా?

ప్రశ్న: మా పాప ఇంటర్ బైపీసీ సెకండియర్, హాకీ ఆడుతుంది. మూడు వారాల కిందట అనంతపురంలో మ్యాచ్ ఆడుతూ ఇంకో అమ్మాయి తలకు తల కొట్టుకుని పడిపోయింది. స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు. ఇంట్లో బాగానే ఉంటుంది, గ్రౌండ్‌లో రెండు రౌండ్లు పరిగెత్తితే గుండె దడ, తలనొప్పి. సెలెక్షన్స్‌కు పంపమని కోచ్, ఆట మాన్పించి నీట్ చదివించమని వాళ్ల నాన్న. ఏం చేయాలి?
– ఒక తల్లి, గుంతకల్లు

జవాబు: అమ్మా, ఈసారి సెలెక్షన్స్‌కు పంపొద్దు. అలాగని ఆటా మాన్పించొద్దు. ఇప్పుడు తేల్చాల్సింది ఆటా చదువా అని కాదు, పాప మెదడు కోలుకుందా లేదా అని.

రక్తం గడ్డకట్టిందా, ఎముక విరిగిందా అన్నది స్కానింగ్‌లో తెలుస్తుంది. తలకు దెబ్బ తగిలి మెదడు అదిరితే దాన్ని కంకషన్ అంటారు. అందులో దెబ్బతినేది మెదడు పనితీరు, అది మామూలు స్కానింగ్‌కు అందదు. గుండె వేగాన్ని పెంచే నరాలు, తగ్గించే నరాలు రెండూ మెదడు చెప్పినట్టే నడుస్తాయి. దెబ్బ తర్వాత ఆ రెంటికీ పొత్తు కుదరదు. కూర్చున్నప్పుడు నాడి మామూలుగానే ఉంటుంది, పరుగు అందుకోగానే తేడా బయటపడుతుంది. మీ పాపది బద్ధకం కాదు, భయమూ కాదు. ఆ మాట వాళ్ల నాన్నకూ కోచ్‌కూ గట్టిగా చెప్పండి.

అయినా దడ అంతా కంకషన్ వల్లే అనుకోవద్దు. ఆడపిల్లల్లో రక్తహీనత ఎక్కువ, హిమోగ్లోబిన్ పరీక్ష, ఈసీజీ చేయించండి. కర్నూలు సర్వజన ఆసుపత్రిలో న్యూరాలజీ విభాగం ఉంది, అక్కడ చూపించండి. వాంతులు, మత్తు, ఫిట్స్, స్పృహ తప్పడం, ఛాతీ నొప్పి, వీటిలో ఏది కనిపించినా క్షణం ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకుపోండి.

మంచం మీదే పడుకోబెట్టే పాత పద్ధతి ఇప్పుడు లేదు. ఆటల్లో తగిలే కంకషన్ గురించి 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో చేరిన నిపుణులు చెప్పింది ఇదీ: మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి, ఆ తర్వాత తేలికపాటి కదలిక, ఆపైన మెట్టు మెట్టుగా ఆట. 220లోంచి వయసు తీసేస్తే గుండె గరిష్ఠ వేగం సుమారుగా వస్తుంది. పాపకు 17 ఏళ్లనుకుంటే 203. డాక్టర్ సరేనన్నాక మొదట అందులో 55 శాతం, అంటే నిమిషానికి 112 దాటకుండా నడక. అది ఇబ్బంది లేకుండా సాగితే 70 శాతం, అంటే 142 వరకు. మణికట్టు దగ్గర రెండు వేళ్లు పెట్టి, గడియారం చూస్తూ 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేస్తే చాలు, ఖరీదైన వాచీ అక్కర్లేదు. తలనొప్పి పెరిగితే ఆ రోజుకు ఆపేయాలి. అప్పటి నాడి అంకెను నోట్‌బుక్‌లో రాయించండి, డాక్టరుకు బాగా పనికొస్తుంది. ఒళ్లు తగిలే ఆటకు డాక్టర్ అనుమతి తప్పనిసరి. కోలుకోకముందే తలకు రెండో దెబ్బ తగిలితే ప్రాణం మీదికి రావచ్చు.

చదువు కూడా ఒక్కసారిగా మీద వేయొద్దు. అరగంట చదివి కాసేపు ఆగనివ్వండి. గ్రౌండ్ కంటే ముందు క్లాసు కుదుటపడాలి. ఈ స్థితిలో రాసే మాక్ టెస్టు మార్కులు చూసి నీట్ భవిష్యత్తు తేల్చేయకండి.

ఆటా బైపీసీ రెండూ ఉన్న పిల్లకు ఫిజియోథెరపీ మంచి దారి. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి కాలేజీలో బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) ఉంది, తర్వాత ఎంపీటీలో (పీజీలో) స్పోర్ట్స్ తీసుకోవచ్చు. ఎంబీబీఎస్ వస్తే స్పోర్ట్స్ మెడిసిన్ ఉండనే ఉంది. కానీ ఆ మాట పాప కుదుటపడ్డాక ఎత్తండి. ముందు డాక్టర్ రాసిచ్చిన కాగితం పట్టుకుని, పాపనూ వాళ్ల నాన్ననూ వెంటబెట్టుకుని కోచ్‌ను కలవండి.