చిన్న ట్యాంకుకు మరుగుజ్జు సిక్లిడ్లు: ముందు నీళ్లు, తర్వాత చేప

చిరంజీవికి శుభాశీస్సులు.

రెండడుగుల ట్యాంకు అమర్చుకున్నావనీ, అందులో మరుగుజ్జు సిక్లిడ్లను, అంటే సిక్లిడ్ కుటుంబంలోని చిన్న చేపలను, పెంచాలని ఉందనీ, ఏ జాతి మంచిదో చెప్పమనీ రాశావు. జాతి పేరు చెప్పేముందు నీ ఇంటి నీళ్ల సంగతి తెలియాలి. చాలామంది రంగు చూసి చేపను తెచ్చుకుని, ఆ తర్వాత దానికి తగిన నీళ్లు తయారు చేయడానికి ద్రావణాలూ పొడులూ కలుపుతూ పోతారు. కానీ ఒకరోజు పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) పెరిగి మర్నాడు పడిపోయే ట్యాంకులో ఈ చేపలు నిలవవు. కాబట్టి ముందుగా పరీక్ష కిట్టు తెచ్చుకుని, కుళాయి నీళ్లను ఒకరోజు నిలవ ఉంచి, పీహెచ్, కాఠిన్యం (నీళ్లలో కరిగిన ఖనిజ లవణాల మోతాదు) కొలిచి, ఆ అంకెలకు సరిపడే చేపను వెతుక్కో.

నువ్వు ముచ్చటపడుతున్న రామ్ చేపతో మొదలుపెట్టవద్దనే నా సలహా. వెనిజులా, కొలంబియా దేశాల్లో ఒరినోకో నది పరిసరాల గడ్డి మైదానాలు దాని పుట్టినచోటు. అక్కడి నీళ్లు వెచ్చనివి, ఆమ్లగుణం కలవి, లవణాలు చాలా తక్కువగా ఉన్నవి. అందుకే దానికి ఏడాది పొడవునా 28 డిగ్రీల వేడి, మృదువైన నీళ్లు కావాలి, ఆ వేడి నియాన్ టెట్రాల వంటి తోడు చేపలకు సరిపడదు. పైగా దాని ఆయుష్షు సాధారణంగా రెండు మూడేళ్లకు మించదు. రామ్‌లోనే ఎలక్ట్రిక్ బ్లూ, గోల్డ్ వంటివి రంగు కోసం తరతరాలుగా ఏర్చి పెంచిన రకాలు కనుక, వాటిలో బలహీనమైన చేపలు తరచుగా కనిపిస్తాయి. పొట్ట ఉబ్బుగా ఉండేలా ఏర్చి పెంచిన బెలూన్ రకాన్నయితే నేను ఎవరికీ చెప్పను. రామ్ తీరే నచ్చితే బొలీవియన్ రామ్ ఉంది. దాని రంగు అంత మెరవదు కానీ, అది 25 డిగ్రీల దగ్గర, మధ్యస్థమైన కాఠిన్యం గల నీళ్లలో హాయిగా బతుకుతుంది. కాస్త పెద్దదవుతుంది కనుక నీ ట్యాంకులో ఒక జంటే చాలు.

నీ కొలతల్లో పీహెచ్ 6 నుంచి 7.5 లోపు వస్తే అపిస్టోగ్రామాలనే దక్షిణ అమెరికా మరుగుజ్జు సిక్లిడ్లను చూడు. ఈ ప్రజాతిలో జాతులు చాలా ఉన్నాయి. వాటిలో కొత్తవాళ్లకు నేను చెప్పేది కాకటూ ఒక్కటే. మగది 8 సెంటీమీటర్లు, ఆడది 5 సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి. నీళ్లు కొంచెం అటూ ఇటూ ఉన్నా ఓర్చుకుంటాయి. ఇదే ప్రజాతిలోని అగాసిజీ అందమైనదే, కానీ దానికి మృదువైన, ఆమ్ల జలాలే కావాలి, అంత సర్దుబాటు చూపదు. చలికాలంలో నీ గది బాగా చల్లబడే పక్షంలో, పరాగ్వే నది ప్రాంతపు బోరెల్లీ ఆ చల్లదనాన్ని తక్కినవాటికంటే బాగా తట్టుకుంటుంది. విశాలమైన ట్యాంకులో ఒక మగచేపతో పలు ఆడచేపలను ఉంచడం ఉంది కానీ, 60 సెంటీమీటర్ల ట్యాంకులో ఆ ఏర్పాటు పోట్లాటలకే దారితీస్తుంది. ఒక మగ, ఒక ఆడ చాలు. గుడ్లు పెట్టిన ఆడది పసుపుపచ్చగా మారి, తనకంటే పెద్దదైన మగచేపనే మూలకు తరిమివేస్తుంది. ఆ సమయంలో మగచేప దాక్కోవడానికి చోటు లేకపోతే దాని ప్రాణానికే ముప్పు.

పీహెచ్ 8 దాటి, కాఠిన్యం బాగా ఎక్కువగా ఉంటే దిగులుపడకు. ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సులో ఖాళీ నత్త గుల్లల్లో కాపురముండే మల్టీఫాసియాటస్ సరిగ్గా అటువంటి నీళ్ల చేప. అయిదు సెంటీమీటర్లు కూడా దాటని ఈ చేప, ఇసుక తవ్వుతూ గుల్లలను తనకు నచ్చినట్టు సర్దుకుంటూ రోజంతా పని చేస్తూనే ఉంటుంది. గుంపుగా ఉంచినా 54 లీటర్ల ట్యాంకు సరిపోతుంది. నా మట్టుకు నాకు చిన్న ట్యాంకులో ఇంతకుమించి చూడదగ్గ చేప లేదు. పశ్చిమాఫ్రికా క్రిబెన్సిస్ కూడా గట్టిదే. అయితే మగది 10 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, పిల్లలను కాసేటప్పుడు తోడు చేపలను బతకనివ్వదు. దాన్ని పెంచితే జంటను ఒంటరిగానే పెంచు.

లీటర్ల లెక్క కంటే ట్యాంకు అడుగు వైశాల్యం ముఖ్యం, ఎందుకంటే ఈ చేపలు హద్దులు గీసుకునేది నేలమీదే. సన్నని ఇసుక పరచు. నోటితో ఇసుక తీసి జల్లించడం వీటి అలవాటు, గరుకు రాళ్లలో అది సాగదు. రెండు వైపులా ఒక్కో గుహ పెట్టి, మధ్యలో మొద్దునో మొక్కలనో ఒకదానికొకటి కనబడకుండా అడ్డంగా నిలుపు. అపిస్టోగ్రామాలకు పైభాగంలో తిరిగే పెన్సిల్ చేపల చిన్న గుంపు మంచి తోడు. అవి ధైర్యంగా తిరుగుతుంటే కింది చేపలకు భయం తగ్గుతుంది. అడుగున తిరిగే కొరిడోరాస్ అనే చిన్న మీసాల చేపలను మాత్రం కలపకు. అవి గుడ్లు తింటాయి, తరిమినా మళ్లీ అక్కడికే వస్తాయి.

కొనేముందు ఆ చేపలకు మేత వేయించి చూడు. మేతకు రానిది, పొట్ట లోపలికి పోయినది, రెక్కలు ముడుచుకున్నది, తెల్లని దారంలా మలం వేలాడుతున్నది, ఎంత రంగుగా ఉన్నా వద్దు. చిన్న వయసులోనే నిండు రంగు తేలిన చేపకు హార్మోన్లు పెట్టి ఉండవచ్చు. అపిస్టోగ్రామాల్లో అణగి ఉన్న మగచేపలు ఆడవాటిలాగే కనిపిస్తాయి కనుక, జంట అని చెప్పి ఇస్తున్నదాన్ని కాసేపు నిలబడి గమనించు.

ట్యాంకులో చేపలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపేదాకా, అంటే వాటిని హరించే సూక్ష్మజీవులు అందులో స్థిరపడేదాకా, చేపలను తేవద్దు. దానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. ఈలోగా నీటి కొలతలు రాసి పంపు. కాకటూనా, మల్టీఫాసియాటసా అన్నది అవి చూశాక తేలుద్దాం.

ఇట్లు,
నీ పెదనాన్న